ముద్దలో పప్పెంత, తీపెంత?

ఓవెన్ అక్కర్లేదు, పాకం పట్టే పనీ లేదు. అరగంటలో ఇంట్లోనే చుట్టుకునే ‘ప్రొటీన్ బైట్స్’ ఇప్పుడు అందరి నోటా వినిపిస్తున్నాయి. కొత్త పేరుతో వచ్చినా, పాత పేరుతో ఉన్నా వాటి విలువ తేలేది పాళ్లతోనే. మెదక్ వంటింటి సరుకులతో ఆ లెక్క వేసి చూస్తే...

సెల్‌ఫోన్‌లో వంటల వీడియోలు చూసేవారికి ‘నో బేక్ ప్రొటీన్ బైట్స్’ కొత్త కాదు. ఓట్స్, గింజ తీసిన ఖర్జూరం, పల్లీ వెన్న, తేనె, పైన కాస్త చాక్లెట్ పొడి కలిపి పిసికి, నిమ్మకాయంత ముద్దలు చుట్టి ఫ్రిజ్‌లో పెడతారు. అదే పని తెలంగాణ ఇళ్లలో ఇంకో పేరుతో ఎప్పటి నుంచో జరుగుతోంది. సంక్రాంతికి నువ్వుల ముద్దలు, తీరిక దొరికినప్పుడు పల్లీ ముద్దలు చేస్తారు. సద్దుల బతుకమ్మ నాడు మలీద ముద్దలతో పాటు నువ్వుల సత్తు, పల్లీ సత్తు, పెసర సత్తు వాయనంగా ఇచ్చిపుచ్చుకుంటారు. వీటిలో ఏదీ ఓవెన్ ముఖం చూసింది కాదు. అందుకే ఈ విషయంలో రెండు వర్గాలు తయారయ్యాయి. ‘మన అవ్వలు చేసినవే పేరు మార్చి మనకే చూపిస్తున్నారు, పాతదే మేలు’ అని ఒక వర్గం అంటుంది. ‘పాతవన్నీ నెయ్యి, బెల్లం ముద్దలు, అసలు ఆరోగ్యం ఓట్స్‌లోనే ఉంది’ అని రెండో వర్గం వాదిస్తుంది. చిత్రమేమిటంటే ఇద్దరూ పేరు చూసే తీర్పు చెబుతున్నారు. తూకం వేసి చూసినవారు తక్కువ.

తూకం వేద్దాం. సున్నుండలకు చాలా ఇళ్లలో పాటించే కొలత సమానం సమానం: 100 గ్రాముల మినప్పప్పుకు 100 గ్రాముల బెల్లమో చక్కెరో, పైన 60 గ్రాముల దాకా నెయ్యి. మినప్పప్పులో 100 గ్రాములకు సుమారు 23 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. బెల్లంలో నామమాత్రం, నెయ్యిలో దాదాపు సున్నా. అంటే 260 గ్రాముల సున్నుండల్లో 23 గ్రాములు, 100 గ్రాములకు తొమ్మిదికి కాస్త అటూఇటూ. ఇక వీడియోలో కనిపించే రకం: ఓట్స్ 100 గ్రాములు, ఖర్జూరం 100 గ్రాములు, పల్లీ వెన్న 50 గ్రాములు, తేనె 50 గ్రాములు. ఓట్స్ నుంచి 13, ఖర్జూరం నుంచి రెండున్నర, పల్లీ వెన్న నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. తేనె నుంచి రావాల్సింది ఏమీ లేదు. మొత్తం 300 గ్రాములకు ఇరవై ఏడున్నర, అంటే మళ్లీ 100 గ్రాములకు తొమ్మిదే. అవ్వ చేసిన సున్నుండ, అమెరికా వీడియో చూసి చేసిన బైట్ మాంసకృత్తుల తూకంలో సరిసమానంగా నిలుస్తున్నాయి. ఒకటి సంప్రదాయమని, ఇంకొకటి ఆధునికమని గొప్ప చెప్పుకోవడానికి ఇక్కడ చోటు లేదు. రెండింటిలోనూ పప్పు, పలుకు పక్కకు జరిగి తీపి, కొవ్వు ఎక్కువ జాగా ఆక్రమించాయి.

మన దేశంలో ఒక పొట్లం మీద ‘ప్రొటీన్ ఉంది’ అనో ‘ప్రొటీన్ సమృద్ధిగా ఉంది’ అనో రాయడానికి భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018 నిబంధనలు ఒక గీత గీశాయి. ఘనాహారమైతే 100 గ్రాములకు రోజువారీ అవసరంలో కనీసం 10 శాతం ఉంటే మొదటి మాట, 20 శాతం ఉంటే రెండో మాట రాసుకోవచ్చు. రోజుకు 54 గ్రాముల అవసరాన్ని ప్రమాణంగా తీసుకుంటే రెండో గీత దాదాపు 11 గ్రాముల దగ్గర పడుతుంది. పైన లెక్కించిన రెండు ముద్దలూ మొదటి గీత దాటి, రెండో దాని దగ్గర ఆగిపోతాయి. ఇంట్లో చేసేదానికి ఏ చట్టమూ వర్తించదు. అయినా ‘ప్రొటీన్’ అన్న పేరు పెట్టుకున్నాక కనీసం ఆ రెండో గీతైనా దాటాలి కదా. దాటించడం చాలా తేలిక. దానికి ప్రొటీన్ పొడి డబ్బా అక్కర్లేదు, పాళ్లు తిరగేస్తే చాలు.

అన్నం సీమలో అసలు లోటు

ముందు ఒక అభ్యంతరానికి జవాబు చెప్పాలి. ‘అసలు మనకు మాంసకృత్తుల కొరత ఉందా, లేక సరుకు అమ్ముకునేవారు పుట్టించిన భయమా?’ అన్నది ఆ ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. 2020లో భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సవరించిన లెక్క ప్రకారం మనిషి బరువులో కిలోకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలు. 65 కిలోల పురుషుడికి 54 గ్రాములు, 55 కిలోల స్త్రీకి 46 గ్రాములు. కేంద్ర ప్రభుత్వ గృహ వినియోగ సర్వే 2023–24 ప్రకారం గ్రామాల్లో సగటున మనిషికి రోజుకు సుమారు 62, పట్టణాల్లో 63 గ్రాములు అందుతున్నాయి. సగటు మీద చూస్తే లోటే లేదు. కానీ అదే సర్వేలో రెండో అంకె ఉంది. గ్రామీణ భారతంలో ఆ మాంసకృత్తుల్లో 46 శాతం, పట్టణాల్లో 39 శాతం బియ్యం, గోధుమల వంటి ధాన్యాల నుంచే వస్తున్నాయి. ధాన్యపు మాంసకృత్తుల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. పప్పు, పాలు, గుడ్డు, మాంసం తోడైతేనే ఆ లోటు పూడుతుంది. పైగా సగటు అన్నది ఇంట్లో ఎవరికి ఎంత దక్కిందో చెప్పదు.

మెదక్‌కు ఈ మాట ఇంకా దగ్గరగా తగులుతుంది. మంజీరపై వందేళ్లు దాటిన ఘనపురం ఆనకట్ట కాలువలు, వాటికి తోడైన బోర్లు ఈ చుట్టుపక్కలను వరి పొలాలుగా నిలబెట్టాయి. మెతుకుసీమ అని పిలిచే ఈ మెదక్‌లో పళ్లెం నిండా ఉండేది అన్నమే. ఇదే పట్టణంలో మిషనరీ పాస్నెట్ దొర పదేళ్లు కట్టించి, 1924 డిసెంబర్ 25న ప్రారంభించిన కెథెడ్రల్ కరువు కాలంలో జనానికి పని, కూడు చూపించిన కట్టడంగా చరిత్రకెక్కింది. అప్పటి సమస్య కడుపు నిండకపోవడం. శతాబ్దం దాటాక కడుపు నిండుతోంది గానీ, దేనితో నిండుతోందన్నది ఇప్పటి సమస్య. పొద్దున ఇడ్లీయో ఉప్మానో, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం చాయ్‌తో బిస్కెట్లు, రాత్రి మళ్లీ అన్నం. ఇందులో పప్పుకు, పెరుగుకు కొంత చోటు ఉంది. గుడ్డు, మాంసం తినే ఇళ్లలో ఇంకొంత ఉంది. పూర్తిగా పిండి పదార్థాలకు వదిలేసిన పూట ఒకటుంది, అది సాయంత్రం నాలుగు గంటల పూట. గ్లూకోజ్ రకం బిస్కెట్లలో 100 గ్రాములకు మాంసకృత్తులు ఏడు గ్రాములైతే చక్కెర పాతిక గ్రాముల దాకా ఉంటుంది. మిర్చి బజ్జీ సంగతి చెప్పనక్కర్లేదు. ఇంట్లో చుట్టిన ముద్ద పోటీ పడాల్సింది మధ్యాహ్నపు పప్పన్నంతో కాదు, ఈ నాలుగు గంటల బిస్కెట్టుతో. దాని స్థానంలోకి వస్తేనే లాభం. దానికి తోడుగా వస్తే ఒంటికి అదనపు బరువే.

ఓవెన్ లేదు సరే, వేయింపు తప్పదు

‘నో బేక్’ అన్నారు కదా అని పచ్చి పిండి కలిపి ముద్ద కట్టేవారు ఉన్నారు. ఇది పొరపాటు. పచ్చి పప్పుల్లో మాంసకృత్తులను అరగనివ్వకుండా అడ్డుపడే ట్రిప్సిన్ నిరోధకాలు, లెక్టిన్లు ఉంటాయి. వేడి తగిలితే అవి చాలావరకు నశిస్తాయి. పచ్చి పిండిలో సూక్ష్మజీవులు ఉండే ప్రమాదమూ ఉంది. ఓట్స్‌ను పొట్లంలోంచి తీసి నేరుగా వాడగలుగుతున్నారంటే, కర్మాగారంలోనే వాటిని ఆవిరి పట్టి వేడి చేయడం వల్లే. మన వంటింట్లో ఆ పనిని కడాయి చేస్తుంది. సత్తు అంటేనే వేయించి విసిరిన పిండి. పెసలు కమ్మటి వాసన వచ్చేదాకా సన్నని సెగ మీద వేయించాకే ఇసుర్రాయికో గిర్నీకో పోయేవి. పాత పద్ధతిలో కాపాడుకోవాల్సింది ఈ వేయింపునే. సరిచేసుకోవాల్సింది బెల్లం కొలతను.

ఒక కొలత చూద్దాం. పుట్నాలు 200 గ్రాములు, పల్లీలు 150 గ్రాములు, నువ్వులు 50 గ్రాములు, తురిమిన బెల్లం 100 గ్రాములు, కరిగించిన నెయ్యి 20 గ్రాములు. మెదక్‌లో రాందాస్ చౌరస్తా దాకా వెళ్లనక్కర్లేదు, వీధి చివరి కిరాణా దుకాణంలోనే అన్నీ దొరుకుతాయి. పల్లీలను సన్నని సెగ మీద లోపలి దాకా వేగనిచ్చి, పూర్తిగా చల్లారాక పొట్టు నలిపి చెరిగేయాలి. నువ్వులు చిటపటలాడి రంగు మారగానే దించాలి, మాడితే చేదు ఎక్కుతుంది. పుట్నాలు ముందే వేయించినవి కాబట్టి తేమ పోయేంత వెచ్చబెడితే చాలు. మొదట పుట్నాలను మెత్తగా పొడి కొట్టి పక్కన పెట్టాలి. తర్వాత పల్లీలు, నువ్వులను ఆపి ఆపి తిప్పాలి. నూనె ఊరి పొడి చేతికి అంటుకునే దశ వస్తుంది, అదే మనకు కావాల్సిన జిగురు. ఆపకుండా తిప్పితే పేస్టు అయిపోతుంది. చివరగా బెల్లం, చిటికెడు ఉప్పు, ఏలకుల పొడి వేసి అంతా ఒక్కసారి తిప్పి, గోరువెచ్చని నెయ్యి చల్లుతూ బిగించి ముద్ద కట్టాలి. ముద్ద నిలవకపోతే ఇంకో చెంచా నెయ్యి వేయాలి గానీ నీళ్లు, పాలు చిలకరించకూడదు. తడి తగిలిందంటే రెండు రోజుల్లో బూజు పడుతుంది.

ఇప్పుడు దీని తూకం. పుట్నాల నుంచి 44, పల్లీల నుంచి 36, నువ్వుల నుంచి 10, అన్నీ కలిపి సుమారు 90 గ్రాముల మాంసకృత్తులు. 520 గ్రాముల మిశ్రమాన్ని 20 గ్రాముల ముద్దలుగా చుడితే 26 వస్తాయి. ఒక్కోదానిలో మూడున్నర గ్రాముల మాంసకృత్తులు, నాలుగు గ్రాములలోపు బెల్లం, దాదాపు 90 కేలరీలు. 100 గ్రాములకు పదిహేడు గ్రాములకు పైగా, అంటే సున్నుండకు, ఓట్స్ బైట్‌కు దాదాపు రెట్టింపు. 11 గ్రాముల గీతను సులువుగా దాటేసింది. ఇందులో కొత్త సరుకంటూ ఏదీ లేదు, తీపి వాటా అయిదో వంతుకు తగ్గిందంతే. ఖర్చు చూసినా ఇంతే. పుట్నాలు, పల్లీలు కిలో వంద, నూటయాభై మధ్య దొరికితే ఒక్కో ముద్దకు మూడు, నాలుగు రూపాయలు దాటదు.

ఈ మూడు గింజల కలయిక వెనక శాస్త్రమూ ఉంది. శనగ జాతి పప్పుల్లో లైసిన్ పుష్కలం, మిథియోనిన్ తక్కువ. నువ్వుల్లో సరిగ్గా దీనికి తిరగబడి ఉంటుంది. రెండూ కలిస్తే ఒకదాని వెలితిని ఇంకొకటి తీరుస్తుంది. ‘వృక్ష సంబంధమైన మాంసకృత్తులు అసంపూర్ణం’ అన్న మాట ఒంటరి గింజకు వర్తిస్తుంది గానీ, ఇలాంటి కూడికకు అంతగా వర్తించదు. జొన్న, సజ్జ, రాగి కలపాలనుకునేవారు ఆపుకోనక్కర్లేదు. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు దశాబ్దాలుగా కాపాడుకొస్తున్న ఈ పంటల్లో పీచు, ఖనిజాలు మెండు. రాగుల్లో 100 గ్రాములకు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. కాకపోతే వాటిని మాంసకృత్తుల కోసం కలుపుతున్నామనుకోవద్దు. జొన్నలో 10, రాగిలో ఏడు గ్రాములే. వంద గ్రాముల వేయించిన జొన్నపిండి కలిపితే మన ముద్ద పదిహేడు నుంచి పదహారుకు దిగుతుంది. ఆ మాత్రం తగ్గినా ఫర్వాలేదు గానీ, చిరుధాన్యం చేరిందని బెల్లం పెంచకూడదు.

అభ్యంతరాలు, జవాబులు

‘ఇంత శ్రమ ఎందుకు, ఒక గుడ్డు ఉడకబెట్టుకుంటే పోలేదా?’ అని అడిగేవారిది సరైన మాటే. ఒక గుడ్డులో ఆరు గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉంటాయి, అవి పప్పు కన్నా సులువుగా ఒంటికి పడతాయి, కేలరీలు 80 లోపే. రెండు ముద్దలు తింటే ఏడు గ్రాములు వస్తాయి గానీ కేలరీలు 180 అవుతాయి. తినేవారికి గుడ్డే మేలు. తెలంగాణ ప్రభుత్వం కూడా ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీల్లో పెట్టే భోజనంలో గుడ్డు, పాలు చేర్చింది. ముద్ద విలువ వేరే చోట ఉంది. గుడ్డు తినని ఇంట్లో, తినేవారే అయినా శనివారమో గురువారమో మానేసే ఇంట్లో, బడి సంచిలో, బస్సు ప్రయాణంలో, ఆఫీసు బల్ల సొరుగులో రెండు వారాలు నిల్వ ఉండే ఆహారం కావాలి. అక్కడ పోటీ ముద్దకూ బిస్కెట్టుకూ మధ్యే. ఆ పోటీలో ముద్ద గెలుస్తుంది.

‘బెల్లం మంచిదే కదా, ఎందుకు తగ్గించాలి?’ అన్నది ఎదురు వైపు నుంచి వచ్చే ప్రశ్న. బెల్లంలో కొద్దిగా ఇనుము, ఇతర ఖనిజాలు ఉన్న మాట నిజమే. అయినా అందులో అత్యధిక భాగం చక్కెరే. రక్తంలోకి చేరాక శరీరం దాన్ని చక్కెరగానే చూస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 సూచన ప్రకారం బయటి నుంచి కలిపే తీపి రోజు మొత్తం శక్తిలో 10 శాతం మించకూడదు, అయిదు శాతంలోపు ఉంటే ఇంకా మేలు. అయిదు శాతమంటే పెద్దవారికి సుమారు 25 గ్రాములు. మన కొలతలో రెండు ముద్దలకు ఎనిమిది గ్రాములలోపే. సమానం సమానం కొలతతో అదే తూకం సున్నుండలు తింటే పదిహేను దాటుతుంది. తేనెకూ ఇదే లెక్క. ఖర్జూరంలో పీచు ఉంటుంది కాబట్టి కొంత మెరుగే, కానీ మధుమేహం ఉన్నవారికి అదీ స్వేచ్ఛగా తినదగింది కాదు. వారు బెల్లాన్ని సగానికి తగ్గించి, కాస్త కారం, జీలకర్ర, ఉప్పుతో చేసుకోవచ్చు. పల్లీ కారప్పొడి తినే నాలుకకు అది కొత్త రుచేమీ కాదు.

‘ఒక చెంచా ప్రొటీన్ పౌడర్ కలిపితే ఈ లెక్కలన్నీ తప్పుతాయి కదా?’ తప్పుతాయి, కాకపోతే ఆ చెంచాలో ఉన్నదేమిటో తెలిసుండాలి. 2024లో వెలువడిన ఒక అధ్యయనంలో భారత మార్కెట్‌లో పేరున్న 36 రకాల ప్రొటీన్ పొడులను పరీక్షించారు. దాదాపు 70 శాతం డబ్బాల మీద రాసిన ప్రొటీన్ అంకె తప్పని తేలింది. కొన్నిటిలో చెప్పిన దాంట్లో సగమే ఉంది. 14 శాతం నమూనాల్లో అఫ్లాటాక్సిన్లనే శిలీంధ్ర విషాలు, 8 శాతంలో పురుగుమందు అవశేషాలు కనిపించాయి. అదే ఏడాది మే నెలలో జాతీయ పోషకాహార సంస్థ విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కండ పెంచుకోవడానికి ప్రొటీన్ పొడులు వాడవద్దని సూచించాయి. వైద్యుడు చెప్పిన రోగులకు, శిక్షణలో ఉన్న క్రీడాకారులకు వేరే లెక్క ఉండొచ్చు. ఇంటిల్లిపాది తినే చిరుతిండిలో మాత్రం తూకం వేసి, చూసి, వాసన పట్టి తెచ్చుకున్న పల్లీలే నమ్మదగిన పొడి.

పల్లీలను కూడా కళ్లు మూసుకుని నమ్మకూడదు. అఫ్లాటాక్సిన్ వాటికీ పట్టే విషమే. ముడతలు పడినవి, రంగు మారినవి, బూజు వాసన కొట్టేవి ఏరి పారేయాలి. వేయిస్తే విషం కొంత తగ్గుతుందే గానీ పూర్తిగా పోదు. అందుకే ఏరడం వేయించడం కన్నా ముఖ్యం. ఇంకొకటి మక్కు వాసన. పల్లీ నూనె గాలి తగిలి చెడిపోతుంది. పాత ఉమ్మడి మెదక్ జిల్లాలోని పటాన్‌చెరులో 1972 నుంచి పనిచేస్తున్న ఇక్రిశాట్ ప్రధాన పంటల్లో మన ముద్దలోని శనగ, వేరుశనగ రెండూ ఉన్నాయి. ఆ సంస్థ, జునాగఢ్‌లోని వేరుశనగ పరిశోధన కేంద్రం కలిసి రూపొందించిన గిర్నార్ 4, గిర్నార్ 5 రకాలు 2020లో విడుదలయ్యాయి. వాటిలో ఒలీయిక్ ఆమ్లం ఎక్కువ కాబట్టి గింజలు, వాటితో చేసిన తినుబండారాలు త్వరగా మక్కిపోవు. అవి కిరాణా దుకాణానికి చేరేదాకా గాలి చొరని డబ్బా, పొడి చెంచా, పదిహేను రోజులకు మించని నిల్వ, ఇవే రక్ష. వానాకాలంలో వారానికి సరిపడా మాత్రమే చేసుకోవడం మంచిది.

ఎవరికి పెట్టకూడదో కూడా తెలిసుండాలి. పల్లీ, నువ్వులు రెండూ అలర్జీ తెచ్చే గింజలే. అయిదేళ్లలోపు పిల్లలకు పలుకులు తగలకుండా మెత్తగా పొడి చేసి, చిన్న ముక్కలుగా తుంచి పెట్టాలి. గట్టి పలుకు గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుణ్ని అడిగాకే తినాలి. ఇక అందరికీ వర్తించే మాట: ముద్దను చాయ్‌తో తినొద్దు. చాయ్‌లోని టానిన్లు గింజల్లోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇలాంటి రాష్ట్రంలో చాయ్‌కీ ముద్దకీ మధ్య గంట ఎడం పాటించడం చిన్న విషయం కాదు. ముద్దతో పాటు ఒక జామకాయో, నిమ్మరసమో తీసుకుంటే అందులోని విటమిన్ సి ఇనుమును లోపలికి చేరవేస్తుంది.

ఇంటి నుంచి ఊరికి

వేయించిన ధాన్యం, పప్పు కలిపి నేరుగా తినగల ఆహారం చేయడం ఇంటికే పరిమితమైన ఆలోచన కాదు. అంగన్‌వాడీల్లో పసిపిల్లలకు ఇచ్చే బాలామృతం వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనెల మిశ్రమమే. ఆదివాసీ ప్రాంతాల కోసం రాష్ట్ర గిరిజన సంక్షేమ శాఖ, ఇక్రిశాట్ కలిసి చేపట్టిన గిరిపోషణ కూడా చిరుధాన్యాలు, పప్పులతో తినడానికి సిద్ధంగా ఉండే ఆహారాలనే ఎంచుకుంది. పద్ధతి పనికొస్తుందనడానికి ఈ రెండు పథకాలే సాక్ష్యం. మెదక్ వంటి పట్టణంలో మహిళా సంఘాలు పండుగకు అమ్మే ముద్దలను ఏడాది పొడవునా బడులకు, హాస్టళ్లకు అందించగలవు. అందుకు ఒక్క షరతు ఉండాలి: పొట్లం మీద దేవుడి బొమ్మ, ‘సంప్రదాయ’ అన్న మాట కన్నా ముందు 100 గ్రాములలో పప్పు, పలుకు ఎంత, తీపి ఎంత, నెయ్యి ఎంత అన్న మూడు అంకెలు పెద్ద అక్షరాల్లో కనిపించాలి.

ఇంట్లో చేసేవారికీ ఇదే కొలబద్ద. పప్పు, పలుకులు నాలుగు పాళ్లు ఉంటే తీపి ఒక పాలు దాటకూడదు. నెయ్యి ముద్ద నిలవడానికే. తినేది రోజుకు రెండు, అవీ బిస్కెట్టుకు బదులుగానే. ఈ కొలతకు లోబడితే సున్నుండ అయినా, ఓట్స్ బైట్ అయినా, మలీద అయినా మంచి ఆహారమే. లోబడకపోతే ఏ పేరు పెట్టినా అది మిఠాయే. మిఠాయి తినడం తప్పేమీ కాదు, పండుగలు ఉన్నవి అందుకే. దాన్ని బలమైన తిండి అనుకుని రోజూ పిల్లల డబ్బాలో పెట్టడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. వచ్చే ఆదివారం పల్లీలు వేయించే ముందు వంటింట్లో ఒక చిన్న తక్కెడ పెట్టుకుంటే చాలు, మిగతా పని పుట్నాలు, నువ్వులు చూసుకుంటాయి.